మంజూరైన కూత

సింగవరం నగరపాలక సంస్థకీ మైకు రాఘవులికీ చెడింది కబడ్డీ కోర్టు దగ్గర.

కొప్పిశెట్టి రాఘవులికి మార్కెట్టు వీధిలో మైకు సెట్ల దుకాణం ఉంది. పెళ్ళిళ్ళకీ, ఊరేగింపులకీ, ఎన్నికల సభలకీ సెట్లు అద్దెకిస్తాడు. కబడ్డీ పోటీలకి మాత్రం సెట్టుతోపాటు తనూ వెళ్తాడు. ముప్పై ఏళ్ళుగా ఆ ఊళ్ళో కబడ్డీ అంటే రాఘవులి గొంతే. అందులో సగం ఆట గురించి, సగం ఊరి గురించి. జనం ఏ సగం వినడానికి వస్తున్నారో ఎవరూ ఆరా తీయలేదు.

ఆ ఏడాది మహిళల పోటీల ప్రారంభానికి మేయరుగారు వచ్చారు. మెడలో దండ తీయకుండానే ముందు వరసలో కూర్చున్నారు. పోర్టు కాలనీ జట్టు కెప్టెన్ నూకరత్నం కూతకి వెళ్ళింది. అవతలి జట్టు మధ్యలోకి దూరి, ఒకమ్మాయి భుజం తాకి, మధ్యగీత ఇవతలికి వచ్చి పడింది. రాఘవులు మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"చూశారాండి. వెళ్ళింది, తాకింది, వచ్చింది. ఊపిరి తియ్యకుండా ఇరవై రెండు సెకన్లు. మన స్టేషను దగ్గర ఫ్లైఓవరు బయల్దేరి పదకొండేళ్ళయిందండి. ఇంకా అవతలి గట్టుకి చేరలేదు. ఊపిరి బిగబట్టింది మాత్రం మనమే."

మైదానమంతా పగలబడి నవ్వింది. మేయరుగారు కూడా నవ్వారు. ఆయన నవ్విన నాలుగో రోజున సర్క్యులర్ వచ్చింది.

దాని పేరు ‘క్రీడా వ్యాఖ్యాన ముందస్తు ఆమోద నియమావళి’. నగర పరిధిలో జరిగే ఏ ఆటకైనా, మైకులో చెప్పబోయే వ్యాఖ్యానాన్ని డెబ్బై రెండు గంటల ముందు మూడు ప్రతుల్లో సమర్పించి ఆమోదం పొందవలెను. ఆమోదిత పాఠం నుంచి ఒక్క మాట తప్పినా మైకు సెట్టు జప్తు, దుకాణం లైసెన్సు శాశ్వతంగా రద్దు. ఆమోదిత వ్యాఖ్యానం లేని పోటీకి మైదానం ఇవ్వబడదు.

మరో ఏడాదైతే రాఘవులు ఒక దణ్ణం పెట్టి దుకాణంలో కూర్చునేవాడు. ఈసారి కుదరదు. నూకరత్నం అతని అక్క కూతురు. వాళ్ళమ్మ రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేసి ఆ పిల్లని పెంచింది. అప్పటికే పోర్టు కాలనీ చేరిన ఫైనల్ చూడ్డానికి రైల్వే మహిళా జట్టు కోచ్ పొన్నుస్వామి వస్తున్నాడు. చూసి నచ్చితే ఒక్క అమ్మాయిని తీసుకుంటాడు, జట్టులో చోటుతోపాటు ఉద్యోగం. వచ్చే నెలతో నూకరత్నానికి ఆ ఉద్యోగానికి పెట్టిన వయసు దాటిపోతుంది. అంటే ఫైనల్ జరగాలి. జరగాలంటే వ్యాఖ్యానం రాయాలి.

ఆ నియమావళి అమలు చేసే బాధ్యత ఉప కమిషనరు చక్రధరం గారిది. ఫైలు రెండు చేతులతో పట్టుకుని, దాన్ని చూస్తూనే మాట్లాడే మనిషి. ఎదురుగా ఉన్నవాడి మొహం రికార్డులో లేని వస్తువని ఆయన నమ్మకం. ఆట అవకుండా ఏం జరిగిందో ఎలా రాయడమని రాఘవులు ఆయన్ని వినయంగా అడిగాడు.

"మన నగరంలో ఏ పనైనా ముందు అంచనా, ఆ తర్వాత మంజూరు, ఆ తర్వాతే అమలు," అన్నాడు చక్రధరం. "రోడ్డయినా అంతే, మరుగుదొడ్డయినా అంతే. ఒక్క ఆటలే ఏ మంజూరూ లేకుండా నేరుగా అమలుతో మొదలైపోతున్నాయి. ఇన్నేళ్ళూ ఎవరి దృష్టికీ రాలేదు."

"మరి ఆట ఇంకోలాగ జరిగితేనండి?"

"ఆమోదించాక ఇంకోలాగ ఎందుకు జరుగుతుంది?"

రాఘవులు దణ్ణం పెట్టి లేచాడు. దుకాణానికి వెళ్ళి, ఎటు తిరిగినా ఇరుక్కోని వ్యాఖ్యానం ఒకటి రాశాడు. ఒకమ్మాయి కూతకి వెళ్తుంది. తాకితే తాకవచ్చు, పట్టుబడితే పట్టుబడవచ్చు. ఎవరో ఒకరు గెలుస్తారు. మర్నాడే ఆ కాగితం ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. ‘తాకవచ్చు’, ‘పట్టుబడవచ్చు’ వంటి పదజాలం పాలనాపరమైన అనిశ్చితికి తావిస్తున్నందున, ఎవరు, ఎప్పుడు, ఎవరిని, ఎక్కడ తాకుదురో నిర్దిష్టముగా తెలియజేయవలెను.

సరేనని రాఘవులు రెండు రోజులు దుకాణం మూసి, ముప్పై నిమిషాల ఆటనీ పూసగుచ్చినట్టు రాసేశాడు. ఎలాగూ తనే రాస్తున్నాడు కాబట్టి చివరి కూత మేనకోడలికిచ్చాడు. పోర్టు కాలనీ ఒక్క పాయింటు ముందుంది, ఆఖరి నిమిషం, నూకరత్నం ఒక్కతే వెళ్ళి ముగ్గురిని తాకి వచ్చింది, మైదానం దద్దరిల్లిపోయింది. రాసుకుని తనే ఓసారి చదువుకున్నాడు. ఒళ్ళు జలదరించింది.

ఫైలు విభాగాల మీదుగా బయల్దేరింది. మైదానం దద్దరిల్లుతుందని వ్యాఖ్యాత ముందుగానే తెలియజేసినందున, గ్యాలరీ పటిష్ఠతపై నివేదిక వచ్చేవరకూ అనుమతి ఇవ్వలేమని ఇంజనీరింగ్ విభాగం రాసింది. చివరికి ‘మైదానం యథాస్థితిలో ఉంది’ అని మార్చాక సంతకం పెట్టింది. ఎనిమిదో పేజీలో ఒకమ్మాయి మోకాలు చీరుకుపోవడాన్ని ఆరోగ్య విభాగం మంజూరు చేయలేదు. ‘హోరెత్తిన చప్పట్లు’ కాలుష్య నియంత్రణ వారి బల్ల దాటేసరికి ‘మితమైన చప్పట్లు’ అయ్యాయి. ఆఖరున న్యాయ విభాగం అసలైన కొర్రీ వేసింది. ఫైనల్లో అవతలి జట్టైన అశోక్ నగర్ వార్డు ఓడిపోయినట్టు నగరపాలక సంస్థే ముద్ర వేసి ఇస్తే ఆ వార్డు ప్రజల మనోభావాలు దెబ్బతింటాయి. కావున చివరి కూతలో నూకరత్నం పట్టుబడవలెను. ఇరవై నాలుగు, ఇరవై నాలుగు. ఉభయ జట్లూ సమానం.

ఆమోదిత పాఠం ప్రతులు రెండు జట్లకీ, రిఫరీకీ పంపారు. నూకరత్నం తన ప్రతి పట్టుకుని దుకాణానికి వచ్చింది.

"మావయ్యా, ఇందులో నన్ను పట్టుకుంటున్న పద్మజ ఎవరు, ఆ ఎడం కార్నరు పిల్లేనా?"

ఆ పిల్లేనన్నాడు రాఘవులు.

"అది నాలుగేళ్ళుగా నా జడ చివర కూడా అందుకోలేదు. నేనే వెళ్ళి దాని చేతుల్లో పడాలా?"

పడకపోతే అనుమతి పోతుందనీ, అనుమతి పోతే ఫైనలే ఉండదనీ, కోచ్ వచ్చిన రైల్లోనే తిరిగిపోతాడనీ రాఘవులు నచ్చజెప్పాడు. మిగతా ఇరవై తొమ్మిది నిమిషాల్లో నీ ఆట ఆయనకి కనిపించకపోదులే అన్నాడు. చెబుతున్నప్పుడు అతనికే ఆ మాట రుచించలేదు. నూకరత్నం ప్రతిని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది.

"నీ దుకాణం కోసం పడతాలే," అంది.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఫైనల్ మొదలైంది. కోర్టు పక్కన అనుసరణ ఇన్స్పెక్టరు భీమేశ్వరరావు, చేతిలో ఆమోదిత పాఠం, మెడలో ఈల. ఆయన పక్కన చక్రధరం. ఇంకో పక్కన ‘మితమైన చప్పట్లు’ అని రాసిన అట్ట పట్టుకుని ఒక గుమాస్తా. గుమాస్తా అట్ట ఎత్తితే కొట్టాలి, దించితే ఆపాలి.

రాఘవులు చదవడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి అతని గొంతు కోర్టుకంటే ముందు పరిగెత్తింది. అతను వాక్యం పూర్తిచేసేదాకా కూతకి వెళ్ళిన అమ్మాయి ఒంటికాలి మీద నిలబడి ఎదురుచూసింది. ఇంకొకమ్మాయి ప్రత్యర్థి చీలమండ పట్టుకుని, లాగాలా వద్దా అన్నట్టు మైకు వైపు చూసింది. ఐదో నిమిషంలో ఎవరిదో వేలు పొరపాటున ఎవరికో తగిలితే భీమేశ్వరరావు ఈల వేసి, ఆ స్పర్శ మూడో పేజీలో లేదని రద్దు చేశాడు. తగిలించుకున్న అమ్మాయి బయటికెళ్ళి, మళ్ళీ లోపలికొచ్చి, నిలబడ్డ చోటే నిలబడింది.

కోచ్ పొన్నుస్వామి పదో నిమిషం దాకా నోటుబుక్కులో ఏదో రాశాడు. పదిహేనో నిమిషంలో రాసింది కొట్టేశాడు. ఇరవయ్యో నిమిషంలో బుక్కు మూసి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ఇరవై తొమ్మిదో నిమిషంలో లేచి, ఎవరితోనూ చెప్పకుండా గేటు వైపు నడిచాడు.

రాఘవులు చూశాడు. కోర్టులోంచి నూకరత్నం కూడా చూసింది.

పదకొండో పేజీ, చివరి పేరా. రాఘవులు చదివాడు. ఇరవై నాలుగు, ఇరవై మూడు. నూకరత్నం చివరి కూతకి బయల్దేరింది. ఎడం కార్నరు నుంచి పద్మజ ముందుకు వచ్చింది. పద్మజ పాఠం ప్రకారం రెండు చేతులూ చాపి నిలబడింది.

నూకరత్నం ఆ చేతుల్లో పడలేదు. చాపిన చెయ్యి మీద ఒక్క చరుపు చరిచి, వంగి, అవతలి అమ్మాయి మోకాలు తాకింది. అశోక్ నగర్ అమ్మాయిలకి కూడా అప్పటికి ఒళ్ళు మండిపోయి ఉంది. ముప్పై నిమిషాలుగా ఆడనివ్వని ఆట ఒక్కసారిగా దొరికేసరికి మిగిలిన వాళ్ళంతా నిజంగానే మీదికి దూకారు. భీమేశ్వరరావు ఈల వేశాడు. ఎవరికీ వినిపించలేదు.

కోచ్ గేటు దగ్గర ఉన్నాడు. వీపు ఇటే ఉంది. గొలుసు తీస్తున్నాడు.

రాఘవులి ముందున్న కాగితంలో అందరూ మీద పడ్డాక తర్వాతి మాట ‘పట్టుబడింది’. చక్రధరం అతన్నే చూస్తున్నాడు. దుకాణం, సెట్లు, ముప్పై ఏళ్ళ గొంతు, అన్నీ ఆ ఒక్క మాట ఇవతల ఉన్నాయి. రాఘవులు కాగితాన్ని బోర్లించాడు.

"పట్టుబడలేదండి," అన్నాడు మైకులో. "కోచ్ గారూ, తమరే, నల్ల బ్యాగు బాబుగారూ, ఒక్కసారి వెనక్కి తిరగండి. ఇద్దర్ని తాకేసింది. నడుం ఒకళ్ళు పట్టారు, కాలొకళ్ళు పట్టారు. కాలు ఈడ్చుకొస్తోందండి, ఆ పిల్లతో సహా ఈడ్చుకొస్తోంది. గీతకి జానెడు దూరం. కూత ఆగలేదు. చెయ్యి చాపింది."

పొన్నుస్వామి తిరిగాడు. నూకరత్నం వేళ్ళు గీత మీద పడ్డం, ముగ్గురమ్మాయిలు ఆమె మీద పడ్డం ఆయన కళ్ళారా చూశాడు. గుమాస్తా అట్ట ఎత్తడం మరిచిపోయాడు. ఆ చప్పట్లు మితం కాదు. కోచ్ గేటు వదిలి కోర్టు దాకా వచ్చి, నూకరత్నం మోకాలికి అంటుకున్న ఇసక దులిపి, వచ్చే వారం శిబిరానికి రమ్మన్నాడు.

మర్నాడు పొద్దున్న రాఘవులు దుకాణంలో సెట్లన్నీ వరసగా సర్ది, జప్తు చేసేవాళ్ళ కోసం కూర్చున్నాడు. జప్తుకి ఎవరూ రాలేదు. ఉప కమిషనరు గారి పిలుపు వచ్చింది.

అభియోగ పత్రం సిద్ధమైందనీ, న్యాయ విభాగం అభ్యంతరం చెప్పిందనీ చక్రధరం వివరించాడు. పాఠం తప్పారని అనాలంటే ఆట జరిగిందని ఒప్పుకోవాలి. ఆట జరిగిందంటే, పర్యవేక్షణ బృందం ఎదుటే మంజూరుకి విరుద్ధంగా జరిగిందని ఒప్పుకోవాలి. అప్పుడు ముందు ఆ బృందం మీద చర్య తీసుకోవాలి. ఆ బృందం నాయకుడు చక్రధరమే.

"కాబట్టి నిన్న ఫైనల్ జరగలేదని నిర్ణయించాం," అన్నాడాయన, ఫైలు మూస్తూ. "జరగని ఆటకి మీరు వ్యాఖ్యానం చెప్పే ప్రశ్నే లేదు. వెళ్ళవచ్చు."

రాఘవులు మూడంగల్లో గుమ్మం దాటాడు. అక్కడ నూకరత్నం ఒక కవరు పట్టుకుని నిలబడి ఉంది. రైల్వేవాళ్ళ కాగితం. ఎంపిక ఖాయం చేయడానికి, ఫైనల్ మ్యాచ్ జరిగినట్టు స్థానిక సంస్థ ఇచ్చే ధ్రువపత్రం శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా స్టేషను పక్కనున్న వాళ్ళ ఆఫీసులో అందాలి. రాఘవులు అదే గుమ్మంలోంచి మళ్ళీ లోపలికెళ్ళాడు. జరగని ఆటకి జరిగినట్టు కాగితం ఇవ్వడం అసత్య ధ్రువీకరణ అవుతుందనీ, తన ఉద్యోగ జీవితంలో అలాంటి మచ్చ లేదనీ చక్రధరం బాధపడుతూ చెప్పాడు.

ఆ కాగితం శుక్రవారం దాకా కదిలేది కాదు. కదిలించింది మేయరుగారు. రైల్వేకి ఎంపికైన మన నగర ఆణిముత్యానికి అభినందనలంటూ ఆయన ఏడు కూడళ్ళలో ఫ్లెక్సీలు కట్టించారు. ఫ్లెక్సీలో మేయరుగారు నిలువెత్తున ఉన్నారు, నూకరత్నం ఆయన భుజం పక్కన తపాలా బిళ్ళంత ఉంది. ఆట జరగలేదని నిర్ణయించింది తన ఆఫీసేనని తెలిసి ఆయన చక్రధరానికి ఫోను చేశారు. ఫోనులో ఏమన్నారో తెలియదు గానీ, మాట్లాడినంతసేపూ చక్రధరం నిలబడే ఉన్నాడు.

మార్గం ఒక్కటే మిగిలింది. మంజూరైన ఫైనల్‌ని మంజూరైనట్టే జరిపి, ధ్రువపత్రం ఇవ్వాలి. మళ్ళీ ఆడమని జట్లకి తాఖీదులు వెళ్ళాయి. అశోక్ నగర్ అమ్మాయిలు పరీక్షలన్నారు. నూకరత్నం, గెలిచిన ఆటలో మళ్ళీ పట్టుబడ్డానికి రానని తాఖీదు వెనకే రాసి పంపింది. గురువారం సాయంత్రం చక్రధరం తల పట్టుకుని కూర్చుంటే, రాఘవులు మెల్లిగా ఒక మాట వేశాడు. కాంట్రాక్టరు మంజూరైన పని వదిలేసి పోతే ఆఫీసువాళ్ళు ఏం చేస్తారండీ అని.

చక్రధరం మొహం వెలిగింది.

"డిపార్టుమెంటల్‌గా, మా సిబ్బందితోనే చేయిస్తాం," అన్నాడు.

ఉత్తర్వు గంటలో తయారైంది. పోర్టు కాలనీ జట్టుగా ఆఫీసు సిబ్బంది. అశోక్ నగర్ జట్టుగా పారిశుద్ధ్య విభాగం మహిళలు, వాళ్ళకి మేస్త్రీ ముత్యాలు. చివరి కూత అత్యంత కీలకమైనది గనుక, నూకరత్నం స్థానంలో ఉప కమిషనరు హోదాకి తక్కువ కాని అధికారి ఉండవలెను. ఆ హోదాలో ఉన్నది ఒక్కరే.

పారిశుద్ధ్యం ఆడవాళ్ళు ఏ గొణుగుడూ లేకుండా వచ్చారు. చెత్త ఎత్తడానికి చేతి తొడుగులు కావాలని వాళ్ళు మూడేళ్ళలో తొమ్మిది అర్జీలు పెట్టుకున్నారు. తొమ్మిదీ చక్రధరం బల్ల మీదినుంచే తిరిగొచ్చాయి. ఎన్ని వేళ్ళో రాయలేదని ఒకసారి, కుడిచేతికో ఎడంచేతికో స్పష్టత లేదని ఇంకోసారి. ఆయన్ని ముట్టుకోవడానికి అధికారికంగా అనుమతి దొరకడం వాళ్ళకిదే మొదలు.

శుక్రవారం నాలుగింటికి ఆట మొదలైంది. రాఘవులు అక్షరం పొల్లుపోకుండా చదివాడు. రెవెన్యూ గుమాస్తాలు ఒంటికాలి మీద నిలబడ్డారు, ఇంజనీర్లు చెప్పిన చోట పడ్డారు, పడ్డప్పుడల్లా మైదానం యథాస్థితిలో ఉంది. నూకరత్నం అరుగు మీద కూర్చుని గడియారం చూసుకుంటోంది. ఆమె పక్కన స్కూటరు, స్కూటరుకి తాళంచెవి.

నాలుగూ ముప్పై ఎనిమిదికి పదకొండో పేజీ వచ్చింది. చక్రధరం బనీను నిక్కరులోకి దోపుకుని, కళ్ళద్దాలు తాడుతో తలకి కట్టుకుని, సన్నగా కబడ్డీ కబడ్డీ అంటూ గీత దాటాడు.

"ఎడం కార్నరు నుంచి పద్మజ ముందుకు వచ్చింది," చదివాడు రాఘవులు. "అందరూ ఒక్కసారిగా మీద పడ్డారు."

చెత్త బండ్లు తోసి తోసి రాటుదేలిన ఏడు జతల చేతులు ఆయన్ని ఇసకలో పరిచేశాయి. ముత్యాలు వీపు మీద కూర్చుంది. మిగతావాళ్ళు కాళ్ళూ, నడుమూ, ఎడం చెయ్యీ పంచుకున్నారు.

"నూకరత్నం పట్టుబడింది. ఇరవై నాలుగు, ఇరవై నాలుగు. ఆట సమాప్తం. మితమైన చప్పట్లు."

అట్ట లేచింది. చప్పట్లు మితంగా మోగాయి. రాఘవులు మైకు కట్టేసి, ధ్రువపత్రమూ పెన్నూ పట్టుకుని కోర్టులోకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గుట్టలోంచి ఒక కుడిచెయ్యి మాత్రం బయటికి ఉంది. కాగితం దానికింద పెట్టాడు. ఆ చెయ్యి ఇరవై ఆరేళ్ళ అలవాటు కొద్దీ కాగితం ముట్టగానే సంతకం పెట్టి, తేదీ వేసింది. నూకరత్నం ఆ కాగితం అందుకుని, స్కూటరు ఎక్కి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఇక లేవండమ్మా అని చక్రధరం ఇసకలోంచి అన్నాడు. ఎవరూ లేవలేదు.

"మేం లేస్తావండి బాబూ," అంది ముత్యాలు. "ఎక్కడ రాశారో చూపించండి."

భీమేశ్వరరావు పదకొండో పేజీ చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు. పట్టుకున్నట్టు ఉంది గానీ వదిలినట్టు ఎక్కడా లేదనీ, సవరణ పెట్టాల్సి ఉంటుందనీ తలొంచి విన్నవించుకున్నాడు. పట్టుకున్నాక వదలడం సహజమనీ, అదంతా రాయక్కర్లేదనీ చక్రధరం ఊపిరి అందక అన్నాడు.

"తొడుగుల సంగతీ మేం అలాగే అనుకున్నావండి," అంది ముత్యాలు. "చేతులంటే పదివేళ్ళేకదా, రాయక్కర్లేదు అనుకున్నాం. రాసి తెమ్మన్నారు కదండీ."

ఏం రాయాలో చెప్పమని భీమేశ్వరరావు కాగితం తీసి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇసకలో మొహం పెట్టుకునే చక్రధరం చెప్పడం మొదలుపెట్టాడు. పారిశుద్ధ్య విభాగపు మహిళా సిబ్బంది తమ పట్టును విడుదల చేయవలెను.

ముత్యాలు మెడ ముందుకి చాపి కాగితంలోకి చూసింది.

"ఏ చెయ్యి ముందు వదలాలో కూడా రాయించండి బాబూ," అంది. కొంగు సర్దుకుని, ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.